110 ఓటముల ఏడాది



ఈ పూట ఓడిపోవడం గురించి మాట్లాడుకుందాం. ఒకటో రెండో ఆటలు కాదు, ఒకే ఏడాదిలో 110 ఆటలు ఓడిపోవడం గురించి, అలా ఓడిపోయే జట్టును వదలకుండా పట్టుకునుండే అభిమాని గురించి.

అమెరికా తూర్పు తీరాన, మేరీలాండ్ రాష్ట్రంలో బాల్టిమోర్ అనే రేవుపట్నం ఉంది. ఆ చుట్టుపక్కల కొలంబియా, ఎల్లికాట్ సిటీ లాంటి ఊళ్లలో మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. నేనుండేదీ ఆ దగ్గర్లోనే. బాల్టిమోర్ బేస్‌బాల్ జట్టు పేరు ఓరియోల్స్. నారింజ, నలుపు రంగుల చిన్న పిట్ట దాని గుర్తు. ఈ జట్టు 2018లో 115 ఆటలు ఓడింది. 2019లో 108. 2021లో 110. మధ్యలో 2020 ఉంది కానీ, కోవిడ్ పుణ్యమా అని ఆ ఏడాది ఆడిందే 60 ఆటలు. అందులో 35 ఓడారు.

ఇన్ని ఆటలేమిటని మీకు అనిపించవచ్చు. ఐపీఎల్‌లో ఒక జట్టు లీగ్ దశలో ఆడేది 14 మ్యాచ్‌లు. బేస్‌బాల్‌లో 162. మార్చి చివర మొదలైతే సెప్టెంబరు చివరిదాకా దాదాపు రోజూ ఆటే. ఎంత గొప్ప జట్టయినా అందులో అరవై దాకా ఓడుతుంది, ఎంత నాసి జట్టయినా నలభై యాభై గెలుస్తుంది. అందుకని ఒక్క ఓటమికి ఇక్కడ ఎవరూ టీవీ పగలగొట్టుకోరు. మర్నాడు సాయంత్రం ఏడింటికి మళ్లీ ఆట ఉంటుంది.

పైగా నెమ్మదైన ఆట. వేసవిలో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని కామ్‌డెన్ యార్డ్స్ మైదానానికి తీసుకెళ్లడం ఇక్కడి తెలుగిళ్లలో మామూలు. గంటసేపు చూశాక నాన్నగారు మెల్లిగా వంగి, "ఏరా, ఆట ఇంకా మొదలవలేదా?" అంటారు. బంతికీ బంతికీ మధ్య ఖాళీ ఎక్కువ. ఆ ఖాళీల వల్లే ఇది రేడియోకి అతికినట్టు సరిపోయిన ఆట కూడా అయింది. 1921 ఆగస్టు 5న పిట్స్‌బర్గ్‌లో కేడీకేఏ స్టేషన్ మొదటిసారి పెద్ద లీగ్ ఆటను ప్రసారం చేసింది. వందేళ్లు దాటినా, వరండాలో రేడియో పెట్టుకుని ఆట వినేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మా వీధి చివర ఒక పెద్దాయన అలాంటివారే. ఆయన గురించి తర్వాత చెబుతాను.

ఇంతకీ 110 ఆటలు ఓడే జట్టు చేతకాక ఓడుతుందా? కొంత చేతకాకే. కొంత మాత్రం కావాలనే. దీనికి ఇక్కడ రీబిల్డింగ్ అని పేరు. జట్టులో పేరున్నవాళ్లను, జీతం పెరిగినవాళ్లను వేరే జట్లకు ఇచ్చేసి, బదులుగా ఇంకా పేరు రాని కుర్రాళ్లను తెచ్చుకుంటారు. ఏటా డ్రాఫ్ట్ జరుగుతుంది. హైస్కూళ్లలో, కాలేజీల్లో ఆడే పిల్లల్ని జట్లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి అది, 1965 నుంచీ ఉంది. 2022 దాకా, కిందటేడు అందరికన్నా ఎక్కువ ఓడిన జట్టుకు మొదటి వంతు దక్కేది. చిత్తుగా ఓడితే మంచి కుర్రాడు దొరికేవాడన్నమాట. అలా దొరికినవాడు వెంటనే పెద్ద జట్టులోకి రాడు. 2021లో డెల్మార్వా, అబర్‌డీన్, బోయి, నార్‌ఫోక్ అని ఓరియోల్స్‌కి చిన్న జట్లు మెట్లు మెట్లుగా ఉండేవి. ఒక్కొక్క మెట్టూ ఎక్కి రావడానికి మూడేళ్లు, నాలుగేళ్లు పడుతుంది. అందాకా పెద్ద మైదానంలో ఆడేవాళ్లు, మొహమాటం లేకుండా చెప్పాలంటే, ఖాళీ పూరించడానికి వచ్చినవాళ్లు.

ఈ పద్ధతిని చివరికంటా లాగి చూపించిన ఊరు హ్యూస్టన్. అక్కడి ఆస్ట్రోస్ జట్టు 2011లో 106 ఆటలు, 2012లో 107, 2013లో 111 ఓడింది. 2013లో ఒకనాటి ఆటకు ఆ ఊరి టీవీ రేటింగు 0.0 అని వచ్చింది. అంటే కొలత యంత్రాలు పెట్టిన ఇళ్లలో ఒక్కరు కూడా చూడలేదు. నాలుగేళ్లు తిరిగేసరికి, 2017 నవంబరు 1న అదే జట్టు లాస్ ఏంజెలిస్‌లో వరల్డ్ సిరీస్ అనే ఫైనల్ పోటీలో ఏడో ఆట గెలిచి ప్రపంచ ఛాంపియన్ అయింది. ఓడి ఓడి గెలవచ్చన్నది అప్పుడు రుజువైనట్టే అనుకున్నారు. ఆ కథకు 2019లో ఇంకో ముక్క కలిసింది. ఆ గెలిచిన ఏడాది ఆస్ట్రోస్ వాళ్లు కెమెరాతో అవతలి క్యాచర్ సైగలు దొంగిలించి, చెత్తడబ్బా మీద కొట్టి రాబోయే బంతి ఎలాంటిదో తమ బ్యాటర్‌కి ముందే చెప్పేవారని బయటపడింది. 2020 జనవరిలో జనరల్ మేనేజర్‌నీ, మేనేజర్‌నీ లీగ్ ఏడాదిపాటు సస్పెండ్ చేస్తే, యజమాని అదే రోజు ఇద్దర్నీ తీసేశాడు. అన్నేళ్లు ఓపిక పట్టిన హ్యూస్టన్ అభిమానికి దక్కిన కప్పు మీద అలా ఒక మరక పడింది. వాడు చేసిన తప్పేమీ లేదు.

హ్యూస్టన్‌లో ఆ లెక్కలు వేసినవాళ్లలో ఒకరైన మైక్ ఎలైయస్‌ని 2018 నవంబరులో ఓరియోల్స్ జనరల్ మేనేజర్‌గా తెచ్చుకుంది. శిక్ష పడినవాళ్లలో ఆయన లేరు. ఆయన వెంట సిగ్ మైడల్ అనే గణాంకాల మనిషి వచ్చారు. బేస్‌బాల్‌లోకి రాకముందు మైడల్ నాసాలో పనిచేసిన ఇంజినీరు. అప్పటికే బాల్టిమోర్ నేల మీద పడి ఉంది. 2018 జులైలో ఊరంతా మెచ్చిన మానీ మచాడోని లాస్ ఏంజెలిస్‌కి ఇచ్చేశారు. మిగిలిన పెద్ద పేరు క్రిస్ డేవిస్. 2013లో 53 హోమ్ రన్లు, మన సిక్సర్లలాంటివి, కొట్టిన మనిషి. 2016లో ఏడేళ్లకు 16 కోట్ల 10 లక్షల డాలర్లతో ఒప్పందం రాసుకున్నారు. తర్వాత బ్యాటు మూగబోయింది. 2018 సెప్టెంబరు నుంచి 2019 ఏప్రిల్ దాకా వరుసగా 54 సార్లు బ్యాటుతో దిగి ఒక్క హిట్ కూడా కొట్టలేకపోయాడు. బంతి వేసే పిచ్చర్లను మినహాయిస్తే లీగ్ చరిత్రలో అంత పొడవైన వరస మరో బ్యాటర్‌కి లేదు. ఏప్రిల్ 13న బోస్టన్‌లో ఆ వరస తెగినప్పుడు తోటివాళ్లు పండగ చేసుకున్నారు, ఆ బంతిని దాచి ఇచ్చారు. ఆయన ఆట మానేసి ఏళ్లయినా, వాయిదా వేసిన జీతం 2037 దాకా ఇస్తూనే ఉండాలి. ఓరియోల్స్ అభిమానులు నవ్వుకోవడానికి దాచుకున్న వాటిలో ఇదొకటి.

2019లో ఓరియోల్స్ పిచ్చర్లు అవతలివాళ్లకు సమర్పించుకున్న హోమ్ రన్లు 305. అంతకుముందు ఏ జట్టూ 300 దాటలేదు. 2021 మే నెలలో వరుసగా 14 ఓటములు, ఆగస్టులో వరుసగా 19.

ఇలాంటి ఏడాదిలో అభిమాని ఏం చేస్తాడు? ఇందాక చెప్పిన మా పెద్దాయన రేవులో పనిచేసి రిటైరైన మనిషి. జట్టు 1966లో, 1970లో, 1983లో కప్పు గెలవడం చూశారు. 1988లో సీజన్‌ని వరుసగా 21 ఓటములతో మొదలుపెట్టడమూ చూశారు. ఓరియోల్స్ ఆటగాడు కాల్ రిప్‌కెన్ ఒక్కరోజు సెలవు తీసుకోకుండా 2632 ఆటలు ఆడిన కాలమంతా రేడియో పక్కన స్కోరు పుస్తకం పెట్టుకుని పెన్సిల్‌తో రాసుకున్నారు. 2021 వేసవిలో ఆయన ఆ పుస్తకంలో ఓరియోల్స్ ఆటలు రాయడం మానలేదు కానీ, పక్క పేజీలో బోయి జట్టు ఆటలు కూడా రాయడం మొదలుపెట్టారు. బోయి మాకు కారులో వెళ్లిరాగల దూరం. ఆ వేసవి అక్కడ ఆడుతున్న క్యాచర్ పేరు ఆడ్లీ రచ్‌మన్. 2018లో 115 ఓడినందుకు ప్రతిఫలంగా 2019 డ్రాఫ్ట్‌లో మొట్టమొదట ఎంచుకున్న కుర్రాడు. పెద్ద మైదానంలో టికెట్ కొంటే ఓటమి చూడాలి, బోయిలో తక్కువ డబ్బుకే భవిష్యత్తు కనిపిస్తుంది. రీబిల్డింగ్ కాలంలో అభిమానులు ఇలా చిన్న ఊళ్ల ఆటల వెంట తిరుగుతారు. పంతొమ్మిదేళ్ల కుర్రాళ్ల పేర్లు, వాళ్లకి ఏ బంతి ఆడటం రాదో కూడా చెబుతారు. ఇది నాకు ముచ్చటగానే ఉంటుంది. కొంచెం భయంగానూ ఉంటుంది. రేపటి మీద అంత చూపు పెడితే ఇవాళ మైదానంలో ఉన్నవాణ్ణి చూసేదెవరు?

ఎందుకంటున్నానంటే, ఆ 110 ఓటముల ఏడాదిలోనే 2021 మే 5న జాన్ మీన్స్ అనే ఎడమచేతి పిచ్చర్ సియాటిల్‌లో ఒక ఆట ఆడాడు. తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్క హిట్ లేదు, ఒక్క వాక్ లేదు, అంటే గురి తప్పిన బంతులతో ఎవరికీ మొదటి బేస్ ఊరికే ఇవ్వలేదు. మొదటి బేస్ చేరినవాడు ఒక్కడే. వాడు కూడా స్ట్రయికవుట్ అయ్యాడు, ఆ బంతి క్యాచర్ చేతికి దొరక్క దొర్లిపోతే పరుగెత్తాడు. తర్వాత రెండో బేస్ దొంగిలించబోయి దొరికిపోయాడు. మొత్తం 27 మంది వస్తే 27 మందీ అవుట్. ఓరియోల్స్‌లో ఒంటి చేత్తో నో హిట్టర్ వేసినవాడు 1969లో జిమ్ పామర్ తర్వాత మళ్లీ ఇతనే. ఆ ఏడాది పట్టికలో ఆ ఆట ఒక గెలుపు మాత్రమే, రీబిల్డింగ్ లెక్కలో దానికి విలువే లేదు. ఆ రాత్రి మేలుకుని ఉన్నవాళ్లకి మాత్రం అదే ఆ ఏడాది.

ఇప్పుడు ఒక పిల్లవాడి సంగతి చెబుతాను. మో గాబా. 2006లో పుట్టాడు. తొమ్మిది నెలల వయసులో కంటి క్యాన్సర్ వచ్చి చూపు పోయింది. ఆ తర్వాత కూడా క్యాన్సర్ మళ్లీ మళ్లీ వచ్చింది. ఈ పిల్లవాడికి ఆట చేరింది రేడియోలోంచే. బాల్టిమోర్ క్రీడా రేడియో కార్యక్రమాలకు ఫోన్ చేసి మాట్లాడేవాడు. పకపకా నవ్వుతూ, నిన్నటి ఆటలో ఎవరు ఎక్కడ తప్పారో చెప్పేవాడు. ఊరంతటికీ ఆ గొంతు తెలుసు. ఓరియోల్స్ ఆటగాడు ట్రే మాన్సీని ఆ అబ్బాయికి స్నేహితుడయ్యాడు. 2020 జులై 28న మో చనిపోయాడు. అప్పటికి పద్నాలుగేళ్లు. జట్టు అతణ్ణి తన హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకుంది.

రీబిల్డింగ్ గురించి ఎవరైనా 'కాస్త ఓపిక పట్టండి, ఐదేళ్లలో చూడండి' అన్నప్పుడల్లా నాకు ఈ అబ్బాయి గుర్తుకొస్తాడు. అతనికి ఆ ఐదేళ్లు లేవు. చివరి ఏళ్లలో అతనికి దొరికిన ఓరియోల్స్ 2018 ఓరియోల్స్, 2019 ఓరియోల్స్. ఆ జట్టునే నెత్తిన పెట్టుకున్నాడు. రేపటి కోసం ఇవాళని తాకట్టు పెట్టేవాళ్లు ఇలాంటి శ్రోతని ఏ గడిలో రాసుకుంటారు?

మాన్సీని కథా దీనికి ముడిపడినదే. 2013 డ్రాఫ్ట్‌లో ఎనిమిదో రౌండ్‌లో వచ్చినవాడు, అంటే ఎవరూ పెద్ద ఆశలు పెట్టుకోని వరసలోంచి వచ్చినవాడు. 2019లో జట్టు 108 ఆటలు ఓడినప్పుడు 35 హోమ్ రన్లు కొట్టాడు. 2020 మార్చిలో పెద్దపేగు క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్, ఆరు నెలల కీమోథెరపీ. ఆ ఏడాదంతా ఆడలేదు. 2021లో తిరిగొచ్చి, జులైలో, ఎవరు ఎక్కువ హోమ్ రన్లు కొడతారో చూసే హోమ్ రన్ డెర్బీ అనే పోటీలో ఫైనల్ దాకా వెళ్లి, పీట్ అలాన్సో చేతిలో 23-22తో ఓడాడు. 110 ఓటముల ఏడాదిలో ఊరికి అదే పండగ.

2022 జులై 28. మో చనిపోయి సరిగ్గా రెండేళ్లు, మైదానంలో ఆ అబ్బాయిని తలుచుకుంటున్నారు. సొంతగడ్డ మీద మాన్సీనికి ఇదే చివరి ఆట కావచ్చని అందరికీ అనుమానం. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో గాల్లోకి ఒక బంతి కొట్టాడు, సులువుగా పట్టాల్సిందే. కుడివైపు ఫీల్డర్‌కి ఎండ కళ్లలో పడి బంతి కనిపించలేదు, మొహానికి తగిలి పక్కకి దొర్లింది. మాన్సీని నాలుగు బేస్‌లూ చుట్టి వచ్చేశాడు. మైదానం దాటని బంతికి హోమ్ రన్. మో చేయించాడని బాల్టిమోర్ జనం ఇప్పటికీ అంటారు. నేను కాదనను.

నాలుగు రోజులకు, ఆగస్టు 1న, మాన్సీనిని హ్యూస్టన్‌కి ఇచ్చేశారు. మర్నాడు ఆఖరి ఇన్నింగ్స్ పిచ్చర్ హోర్హే లోపెజ్‌ని మిన్నెసోటాకి ఇచ్చారు. అప్పటికి ఓరియోల్స్ ఎన్నో ఏళ్ల తర్వాత ప్లేఆఫ్ పోటీలో ఉంది. మే 21న రచ్‌మన్ పెద్ద జట్టులోకి వచ్చాడు, క్యాచర్ స్థానంలోకి వెళ్లి, కూర్చునే ముందు ఒక్క క్షణం నిలబడి జనాన్నంతా చుట్టూ చూశాడు, అప్పటినుంచి జట్టు గెలవడం మొదలుపెట్టింది. అలాంటప్పుడు ఊరు ప్రేమించిన మనిషిని అమ్మేశారు. ఆ ఏడాది చివరికి ప్లేఆఫ్ చోటుకు మూడు ఆటల దూరంలో ఆగిపోయారు. మాన్సీని ఉంటే దాటేవారా? చెప్పలేం. లెక్కల ప్రకారం ఎలైయస్ చేసింది సరైనదేనని చాలామంది అన్నారు. నాకు ఆ సమాధానం అప్పుడూ సరిపోలేదు, ఇప్పుడూ సరిపోదు. ఆ నవంబరులో ఫిలడెల్ఫియాలో వరల్డ్ సిరీస్ ఐదో ఆటలో, ఆస్ట్రోస్ తరఫున మొదటి బేస్ దగ్గర మాన్సీని ఒక గట్టి బంతిని అడ్డుకుని ఆట నిలబెట్టాడు. కప్పు గెలిచాడు. బాల్టిమోర్‌లో వేరే జట్టు గెలుపుకి సంతోషించిన ఇళ్లు నాకు తెలుసు.

మరి ఓపిక పండిందా? 2023లో ఓరియోల్స్ 101 ఆటలు గెలిచింది. డ్రాఫ్ట్‌లో తెచ్చుకున్న గన్నర్ హెండర్సన్ ఆ ఏటి మేటి కొత్త ఆటగాడు. ఆ సీజన్ మొత్తంలో ఒక్క సిరీస్‌లో కూడా ఈ జట్టు అన్ని ఆటలూ ఓడలేదు. అక్టోబరులో ప్లేఆఫ్‌లో మాత్రం టెక్సస్ రేంజర్స్ మూడుకి మూడు గెలిచి ఇంటికి పంపింది. 2024లో 91 గెలుపులు. ప్లేఆఫ్‌లో కాన్సస్ సిటీ చేతిలో 1-0, 2-1. రెండు ఆటల్లో చేసింది ఒక్క పరుగు. 2014 నుంచి లెక్కపెడితే ప్లేఆఫ్‌లో వరుసగా పది ఓటములు. 2025లో మే నెలకే మేనేజర్‌ని తీసేశారు, చివరికి 87 ఓటములతో తమ డివిజన్‌లో అడుగున మిగిలారు.

2023లో ఓరియోల్స్‌ని ఓడించిన టెక్సస్ జట్టును చూడండి. 2021లో వాళ్లూ 102 ఓడారు. ఆ చలికాలమే ఇద్దరు ఆటగాళ్ల మీద 50 కోట్ల డాలర్లు పెట్టి, రెండేళ్లలో, 2023లో కప్పు గెలిచారు. డబ్బు పెడితే గెలుస్తారని నేను అనడం లేదు. డబ్బు పెట్టి ఓడినవాళ్లు బోలెడు. షికాగో వైట్ సాక్స్ సంగతి ఇంకోలా ఉంది. 2016 చలికాలంలో పద్ధతిగా రీబిల్డింగ్ మొదలుపెట్టి, 2020లో, 2021లో ప్లేఆఫ్‌కి వెళ్లి, 2024లో 121 ఆటలు ఓడి కూర్చున్నారు. ఏ దారికీ గ్యారంటీ లేదు. నాకు కిట్టనిది ఒకటే. ఓడే ఏళ్లలో జీతాల ఖర్చు తగ్గి యజమానికి మిగులుతుంది. జనరల్ మేనేజర్‌కి 'ఇది ప్రణాళిక' అనే గొడుగు ఉంటుంది. టికెట్ కొన్నవాడి చేతికి ఓటమి ఒక్కటే వస్తుంది. కౌలు రైతు చేత మామిడి మొక్కలు నాటించినట్టు ఉంటుంది వ్యవహారం. నీళ్లు పోసేది ఇతను, కాపు వచ్చేనాటికి తోట ఎవరిదో. ఓరియోల్స్‌నే చూడండి, 1993 నుంచి జట్టు నడిపిన కుటుంబం 2024లో దాన్ని 172 కోట్ల 50 లక్షల డాలర్లకు అమ్మింది. ఊరు పట్టిన ఓపిక ధరలో కొంత ఆ అంకెలో కలిసే ఉంటుంది.

కావాలని ఓడే పద్ధతి మరీ ముదిరిందని లీగ్‌కీ తెలిసింది. 2022 ఒప్పందంలో డ్రాఫ్ట్ మొదటి ఆరు వంతులకూ లాటరీ పెట్టారు. ఎక్కువ ఓడితే లాటరీలో అవకాశం ఎక్కువే, కానీ మొదటి వంతు ఖాయం కాదు. మందు మంచిదే, మోతాదు చాలదు.

అభిమాని ఓపిక చేతకానితనం కాదు, పెట్టుబడి కూడా కాదు. పెట్టుబడి పెట్టినవాడు లాభం రాకపోతే తీసేసుకుంటాడు. 1997లో ఓరియోల్స్ మైదానానికి ఏడాదికి 37 లక్షల మంది వచ్చారు, 2019లో 13 లక్షలు. తగ్గినవాళ్లను నేను తప్పుపట్టను, పిల్లల్ని తీసుకెళ్లి ఓటమికి డబ్బు కట్టాలని ఎవరి మీదా రూలు లేదు. ఆ 13 లక్షల్లో ఉన్నవాళ్లు మాత్రం కప్పు ఏ ఏడు వస్తుందో లెక్కగట్టుకుని రాలేదు. జాతీయగీతం మధ్యలో జట్టు పేరు మొదటి అక్షరాన్ని 'ఓ' అని గొంతెత్తి అరవడం బాల్టిమోర్ అలవాటు. సగానికి పైగా కుర్చీలు ఖాళీగా ఉన్న రోజుల్లో కూడా ఆ అరుపు ఆగలేదు. అలాంటివాళ్లను 'ఓపిక పట్టండి' అని అడగక్కర్లేదు. యజమాని ఇంకెంతకాలం ఓపిక పడతాడో అడగవలసింది వాళ్లే.

ఈ మధ్య కొంత కదలిక వచ్చింది. 2025 డిసెంబరులో ఓరియోల్స్ పీట్ అలాన్సోతో ఐదేళ్లకు 15 కోట్ల 50 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకుంది. అవును, డెర్బీలో మాన్సీనిని ఒక్క హోమ్ రన్‌తో ఓడించిన ఆ అలాన్సోనే. డ్రాఫ్ట్ కోసం ఎదురుచూసే జట్టు ముప్ఫై ఒక్కేళ్లవాణ్ణి ఇంత పెట్టి కొనదు, ఇప్పుడే గెలవాలనుకునే జట్టు కొంటుంది. 2024లో తెచ్చుకున్న గొప్ప పిచ్చర్ కార్బిన్ బర్న్స్ ఏడాది తిరగ్గానే 21 కోట్ల డాలర్లకు అరిజోనా వెళ్లిపోతుంటే ఆపలేకపోయిన సంస్థే ఇది, అందుకే జనం కాస్త ఆశ్చర్యపోయారు.

ఆ వార్త వచ్చిన సాయంత్రం మా పెద్దాయన కంచె దగ్గర కనిపించారు. నేనే సంబరంగా చెప్పాను. ఆయన చలికోటు గుండీలు పెట్టుకుంటూ అంతా విని, "అలాన్సో సరే, పిచ్చర్ ఏడీ?" అన్నారు.